చలి సోఫీకి భయపడని నలభై ఎనిమిది మొక్కలు

మే 3, ఆదివారం

1986 ఏప్రిల్‌లో లోథార్ బెమ్మన్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడో నంబరు తోట నీదేరా, మాటిస్తున్నా" అన్నాడు. ఏడో నంబరుకి వెనక ఇటుక గోడ ఉంది. పగలంతా ఎండ తాగి, చీకటి పడ్డాక ఆ వేడిని మొక్కల మీదికి వదిలే గోడ. నెల తిరిగేసరికి ఏడో నంబరు ఇర్మా అనే ఆవిడకి వెళ్లింది. నాకు ముప్ఫై ఒకటి దక్కింది. సంఘం అద్దెకిచ్చే ఈ తోటల కాలనీ మొత్తంలో పల్లం అదే. చలిగాలి నీళ్లలాగే పల్లానికి పారుతుందని చదువుకున్న ఎవడికైనా తెలుసు. ఇంకెక్కడా మంచు పడకపోయినా నా తోటలో పడుతుంది. నలభై వసంతాలు తెల్లవారుజామున వచ్చి, నల్లబడ్డ ఆకులు చూసి, లోథార్ పేరు తలుచుకున్నాను. దేవుణ్ణి అన్నిసార్లు తలుచుకోలేదు.

ఆ రోజు నుంచీ అతన్ని "మీరు" అంటున్నాను. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. ఒకసారి ఇచ్చిన "నువ్వు"ని వెనక్కి తీసుకోవడం కన్నా పెద్ద దెబ్బ నాకు తెలియదు. అతనికి తగిలినట్టు మాత్రం లేదు. ఇవాళ్టికీ "ఒరేయ్ ఎగోన్" అనే పిలుస్తాడు. పైగా తోటల సంఘానికి అధ్యక్షుడు.

ఇవాళ ఆ సంఘం నుంచి మూడో హెచ్చరిక వచ్చింది. తోటలో మూడో వంతు తినే పంట ఉండాలి. నా తోటలో పుస్తకాల షెడ్డు, గడ్డి, నీడ ఉన్నాయి. మే 16 శనివారం ఉదయం తొమ్మిదికి తనిఖీ. ఎనభై చదరపు మీటర్ల పంట చూపించలేకపోతే తోట ఖాళీ చెయ్యాలి. ఉత్తరంలో రెండు అచ్చుతప్పులున్నాయి. ఎర్ర పెన్సిల్‌తో దిద్ది తిప్పి పంపాను.

మే 4

తోట పోతే పోయింది. నాకేమీ కాదు.

మే 5

నాకేమీ కాదని నిన్న రాసింది మళ్లీ చదివాను. వాక్యం సరిగ్గానే ఉంది.

మే 6

మా ఫ్లాట్ నాలుగో అంతస్తులో. కిటికీలోంచి సూపర్ మార్కెట్ కార్ల పార్కింగ్ కనిపిస్తుంది. ఇవాళ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దాన్నే చూశాను. గీతలు తిన్నగా ఉన్నాయి. బోర్డులో ఒక్క తప్పు లేదు. తోట పోతే చచ్చేదాకా ఇక్కడ కూర్చోవాలి. తప్పు పట్టడానికి ఏమీ లేని చోట మనిషి ఎన్నాళ్లు బతుకుతాడు?

మే 7

లెక్క వేశాను. బంగాళాదుంపలు ఇరవై చదరపు మీటర్లు. ఉల్లి, పుల్లటి కాడల రుబార్బ్ కలిపి పన్నెండు. ఇక కిటికీ గట్టు మీద నలభై ఎనిమిది టమాటా మొక్కలున్నాయి. బతికున్న టమాటా మొక్క ఒకటికి ఒక చదరపు మీటరు చొప్పున సంఘం ఒప్పుకుంటుంది. మొత్తం ఎనభై. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

చిక్కల్లా ఇది. తనిఖీ నాటికి మొక్క కనీసం వారం రోజులు నేలలో ఉండాలని నిబంధన. 2011లో ఎవరో తనిఖీ రోజు ఉదయం పక్కవాళ్ల కొమ్మలు కోసి మట్టిలో గుచ్చారట. ఆ ఎవరో ఎవరన్నది ఇక్కడ అనవసరం. అంటే మే 9కల్లా నాటాలి. కాలనీలో ఒక్కడూ మే 15 దాటకుండా టమాటా నాటడు. మంచు సాధువుల భయం. పదకొండున మమెర్టస్, పన్నెండున పాంక్రాట్సియస్, పదమూడున సెర్వాట్సియస్, పద్నాలుగున బోనిఫాట్సియస్, చివర పదిహేనున చలి సోఫీ. ఆ ఐదుగురూ మంచు పట్టుకొచ్చి లేత మొక్కలు మాడ్చి పోతారని వీళ్ల అమ్మమ్మలు చెప్పారట. నేను అచ్చాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్లు క్యాలెండర్ల ప్రూఫులు దిద్దినవాణ్ణి. నాకు అమ్మమ్మలు చెబుతారా?

మే 8

దొరికింది!

నాలుగు వందల ఏళ్ల కిందట క్యాలెండర్ సంస్కరించినప్పుడు పది రోజులు ఎత్తేశారు. సాధువుల పేర్లు పాత తేదీల మీదే ఉండిపోయాయి, వాతావరణం మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే అసలు సాధువులు మే 21 నుంచి 25 దాకా వస్తారు. మే 11 నుంచి 15 దాకా వచ్చేవాళ్లు ఉత్త పేర్లు. వాళ్ల చేతుల్లో మంచు లేదు. ఇంత సులువైన విషయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. నాకు కూడా నిన్నటిదాకా తట్టలేదు. మూడో హెచ్చరికకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మూడు పేజీల వ్యాసం రాసి నోటీసు బోర్డుకి అంటించాను. కింద: "పై కారణాల చేత నేను మే 9న నాటుతున్నాను. మొక్కల మీద చిన్న గుడ్డముక్క కూడా కప్పను."

లోథార్ నిలబడి మూడు పేజీలూ చదివాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఒరేయ్ ఎగోన్, సాధువులు పది రోజులు ఆలస్యంగా వస్తారని ఒప్పుకుంటా. అప్పటిదాకా చలి ఎక్కడ కూర్చుని ఎదురుచూస్తుందట?"

"అధ్యక్షుల వారు మూడో పేజీ మళ్లీ చదవాలి."

"చదివా. నీ చేతిరాత ఇంకా బడిలో ఉన్నట్టే ఉంది."

మే 9, శనివారం

నాటాను. నడుం పోయింది. మొక్కలు జానెడు కూడా లేవు. ఇర్మా కంచె అవతల నిలబడి చూసింది. మాకంటే చిన్నది, డెబ్బై నాలుగు. తనిఖీలో టేపు పట్టుకునేది ఆవిడే. ఆవిడ టేపు పట్టుకుంటే ద్రాక్ష తీగ కూడా నిటారుగా నిలబడుతుంది.

"ఎగోన్ గారూ, వీటికి స్వెటర్లు అల్లించారా?"

"అవసరం లేదు ఇర్మా గారూ. బోర్డు మీద వ్యాసం ఉంది."

"చూశాను. మా మనవరాలు ఫోటో తీసి అందరికీ పంపింది."

"శాస్త్రీయ విషయాలు వ్యాపించడం మంచిదే."

"కింద నవ్వే బొమ్మలు పద్నాలుగు వచ్చాయిట" అని వెళ్లిపోయింది. గోడ ఉన్నవాళ్లకి నవ్వు సులువు.

మే 11. మమెర్టస్.

ఉదయం ఎనిమిది డిగ్రీలు. సాధువు రాలేదు.

మే 12. పాంక్రాట్సియస్.

తొమ్మిది డిగ్రీలు. రాలేదు. కాలనీలో కనబడ్డవాళ్లందరికీ శుభోదయం చెప్పాను. ఇద్దరు ఉలిక్కిపడ్డారు.

మే 13. సెర్వాట్సియస్.

వాన. వాన మంచు కాదు. వ్యాసానికి నాలుగో పేజీ జోడించాను. శీర్షిక: "ఇప్పుడేమంటారు?"

మే 14, గురువారం. ఆరోహణ పండుగ.

ఈ పండుగ ఇక్కడ మగవాళ్ల రోజు. పొద్దున్నే కాలనీ మగవాళ్లంతా చేతిబండికి లైలాక్ పూల కొమ్మలు కట్టి, బీరు సీసాలు నింపి, అకార్డియన్ వాయించుకుంటూ అడవి దాకా వెళ్లారు. డెబ్బై ఆరేళ్ల లోథార్ బండి లాగుతున్నాడు, మెడలో ఆవు గంట. నన్నూ రమ్మన్నాడు. ఏటా రమ్మంటాడు. ఏటా నాకు పనుంటుంది.

మధ్యాహ్నం మబ్బులు పోయాయి. గాలి ఆగిపోయింది. సాయంత్రం ఐదింటికి రేడియో చెప్పింది: ఆకాశం నిర్మలం, తెల్లవారుజామున నేల మీద మైనస్ మూడు, "ముఖ్యంగా పల్లపు ప్రాంతాల్లో." ఆ మాట అంటున్నప్పుడు వార్తలు చదివేవాడు నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. రేడియో అని తెలిసి కూడా.

ఆరింటికల్లా కాలనీలో హడావుడి. దుప్పట్లు, బకెట్లు, పూలకుండీలు, కర్టెన్లు. ఇర్మా తన సొరకాయ పాదు మీద పెళ్లినాటి టేబుల్ గుడ్డ కప్పింది. నేను కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాను. ప్రాచీన రోమన్ల వ్యవసాయం మీద. ఒకే పేజీ గంటసేపు చదివాను. మంచి పేజీ.

బండి తిరిగొచ్చింది. లోథార్ కంచె మీద వాలాడు. మనిషి దగ్గర బీరు వాసన, లైలాక్ వాసన సమానంగా ఉన్నాయి.

"ఒరేయ్, కప్పవా?"

"కప్పను."

"ఎవరూ చూడరులే. అందరం కళ్లు మూసుకుంటాం. కావాలంటే తీర్మానం చేయిస్తా."

"అధ్యక్షుల వారికి నా ధన్యవాదాలు."

"నా షెడ్డులో ఉచ్చ కుండలు ఉన్నాయి కదరా. సరిగ్గా సరిపోతాయి నీ మరుగుజ్జులకి."

విషయం ఏమిటంటే, లోథార్ పాత శానిటోరియంలో స్టోర్‌కీపర్. అది మూతపడినప్పుడు రోగుల మంచాల కింద ఉండే ఎనామిల్ మూత్రపాత్రలు అరవై తెచ్చుకున్నాడు. తెల్లవి, నీలం అంచు, ఒక్కోదాని మీద వార్డు నంబరు. ముప్ఫై ఏళ్లుగా షెడ్డులో దొంతరలుగా ఉన్నాయి. ఎవరైనా ఎందుకని అడిగితే "ఎనామిల్ ఇప్పుడు ఇంత మందంగా రాదు" అంటాడు. అవి కాలనీ పరువు తీస్తున్నాయని 2009లో నేను ఫిర్యాదు చేశాను. తొమ్మిది పేజీలు.

"ఆ పాత్రల గురించి నా అభిప్రాయం లిఖితపూర్వకంగా ఉంది" అన్నాను.

"ఉంది. బీరువాలో దాచా" అన్నాడు. "పోనీ ఒకటి చెప్పు. ఎల్లుండి తనిఖీలో నలభై ఎనిమిదీ నల్లగా ఉంటే నేనేం రాయాలి?"

"ఉన్నది రాయండి."

మెడలో గంట మోగించుకుంటూ వెళ్లాడు.

ఎనిమిదింటికి ఇంటికొచ్చాను. నిశ్చింతగా ఉంది. థర్మామీటరు ఏడు.

ఆరు.

నాలుగు. నిశ్చింతగానే ఉంది.

మే 15, శుక్రవారం. చలి సోఫీ.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాలుగింటికి లేచి వాహ్యాళికి బయల్దేరాను. ఈ వయసులో నడక మంచిది. చేతిలో సూట్‌కేసు ఉంది. దాంట్లో నాలుగు దుప్పట్లు, మంచం మీది పరుపు గుడ్డ, శీతాకాలపు కోటు ఉండటం యాదృచ్ఛికం. నడక తోట వైపు సాగింది.

నాలుగున్నరకి తూర్పు తెల్లబడుతోంది. ముప్ఫై ఒకటో నంబరు గడ్డి మీద మంచుపొర, ఉప్పు చల్లినట్టు. బూట్ల కింద కరకరలాడింది. గేటు తీశాను. తీసి అలాగే నిలబడిపోయాను.

నా టమాటా మడిలో నాలుగు వరసల్లో బోర్లించిన తెల్లని మూత్రపాత్రలు. ఒక్కోదాని పైన లేత మంచు, ఒక్కోదానికి నీలం అంచు. వార్డు రెండు, వార్డు నాలుగు, క్షయ విభాగం, స్త్రీలు. లెక్కపెట్టాను. నలభై ఎనిమిది. చివర కంచె పక్కన నలభై తొమ్మిదోది, మిగతావాటికన్నా ఎత్తుగా. అంత పెద్ద మొక్క నేను నాటలేదు. దగ్గరికి వెళ్లాను. గురక పెడుతోంది.

చేతిబండిలో లోథార్. గుర్రపు కంబళి కప్పుకుని, చెవులదాకా వార్డు ఏడు బోర్లించుకుని నిద్రపోతున్నాడు.

ముందు నా గౌరవం చూసుకోవాలి కదా. బోర్డు మీద "కప్పను" అని నా సంతకంతో ఉంది. నలభై ఎనిమిదీ కప్పి ఉంటే నేను అబద్ధాలకోరుని. ఒకటైనా తెరిచి ఉంటే అది ప్రయోగం. మొదటి వరస చివరి మొక్క మీది పాత్ర తీశాను. పచ్చగా, నిటారుగా ఉంది. నన్ను చూసినట్టే ఉంది. నేను పక్కకి తిరిగాను.

పాత్ర అంచు రాయికి తగిలి ఖంగుమంది. బండి కదిలింది.

"ఎవరది?"

"తోట యజమాని. మీరు నా తోటలో ఏం చేస్తున్నారు?"

"నిద్రపోతున్నా. కనబడట్లా?"

"నా అనుమతి లేకుండా నా తోటలో..."

"ఒరేయ్, తోట సంఘానిది. కుండలు నావి. నీవి టమాటాలొక్కటే. వాటిని నేను ముట్టుకోలా. పైన పెట్టానంతే. నువ్వు కప్పనన్నావు, కప్పలేదు. నీ మాట నిలబడింది."

వాదన పక్కాగా ఉంది. అదే ఎక్కువ కోపం తెప్పించింది.

"అసలు ఎందుకు చేశావు ఇదంతా?"

లోథార్ కళ్ల మీదికి జారిన వార్డు ఏడు పైకెత్తాడు. "ఏమన్నావ్? చేశావు అన్నావా? మళ్లీ అను."

"చలికి నాలుక మొద్దుబారింది."

"బారనీ" అని బండిలోంచి కాళ్లు బయటపెట్టి కూర్చున్నాడు. "ఎందుకా? నువ్వు పోతే నా నోటీసులు ఎవడు చదువుతాడ్రా? నలభై ఏళ్లు బోర్డు మీద రాశా. ఒక్కడు చదవడు. నువ్వు ఎర్ర పెన్సిల్ పెట్టి అక్షరం అక్షరం చదువుతావు. మా ఆవిడ కూడా నా ఉత్తరాలు అంత శ్రద్ధగా చదవలేదు, దాని ఆత్మకి శాంతి కలగాలి."

"తప్పులుంటాయి కాబట్టి చదువుతాను."

"నీ కోసమే ఒకట్రెండు వేస్తున్నా ఈ మధ్య."

ఇది నమ్మను. అతని తప్పులు సహజమైనవి. ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవంతో చెబుతున్నాను.

"నమ్మకద్రోహం గురించి మీరు మాట్లాడకండి" అన్నాను. అతను నమ్మకద్రోహం గురించి మాట్లాడటం లేదు నిజమే. "ఏడో నంబరు!"

"ఆ రోజు సాయంత్రం ఆరింటిదాకా ఆ గోడ పక్కనే కూర్చున్నా, కాగితం చేత్తో పట్టుకుని. సంతకానికి రమ్మంటే రాలా నువ్వు. ఆరింటికి ఇర్మా వచ్చింది, చంకలో పసిపిల్ల. ఇంకేం చెయ్యను? ఎక్కడ చచ్చావ్ ఆ రోజు?"

ఆ రోజు రీడింగ్ రూమ్‌కి క్యాలెండర్ల చరిత్ర మీద కొత్త సంపుటం వచ్చింది. పటాలు ఉన్నాయి దాంట్లో. తలెత్తేసరికి ఏడున్నర. ఈ రెండు మూడు వాక్యాలు అనవసరం. కొట్టేస్తాను.

"అది అప్రస్తుతం" అన్నాను లోథార్‌తో.

"అయ్యుంటుంది" అన్నాడు. బండి అడుగునుంచి బీరు సీసా తీశాడు. గడ్డకట్టింది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

ఐదింపావుకి ఎండ వచ్చింది. పాత్రలు ఒక్కొక్కటే తీశాం. నలభై ఏడు మొక్కలు నిద్రలేచిన పిల్లల్లా ఉన్నాయి. నలభై ఎనిమిదోది ఉడికించిన పాలకూరలా వాలిపోయి, నల్లగా.

లోథార్ వంగి చూశాడు. "దీని మీద కూడా పెట్టానే! వార్డు మూడు. నాకు బాగా గుర్తు."

నేను రోమన్ల గురించి ఏదో అన్నాను.

నలభై ఏడు. మొత్తం డెబ్బై తొమ్మిది.

మే 16, శనివారం

తొమ్మిదింటికి ఇర్మా టేపుతో, లోథార్ రిజిస్టరుతో వచ్చారు. ఇద్దరూ ఆదివారం చర్చికి వేసుకెళ్లే కోట్లు వేసుకున్నారు. నేను టై కట్టుకున్నాను.

బంగాళాదుంపలు ఇరవై. ఉల్లి, రుబార్బ్ పన్నెండు. ఇర్మా టమాటాల దగ్గర ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టి లెక్కపెట్టింది. మొదటి వరస చివర ఆగింది. అక్కడ వార్డు మూడు బోర్లించి ఉంది.

"దీని మీద ఎందుకుంది?"

"విశ్రాంతి తీసుకుంటోంది."

ఎత్తి చూసింది. "శాశ్వతంగానా?"

లోథార్ రిజిస్టరు వెనక మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"డెబ్బై తొమ్మిది" అంది ఇర్మా. "ఎనభై కావాలి."

"ఒక్కటే కదమ్మా" అన్నాడు లోథార్.

"ఒక్కటే. నిరుడు మా చెల్లెలి కంచె రెండు సెంటీమీటర్లు ఎక్కువుంటే ఎవరు ఫిర్యాదు చేశారు? ఆరు పేజీలు రాశారు ఎగోన్ గారు. రెండు సెంటీమీటర్లు రెండు సెంటీమీటర్లేనని రాశారు. నాకు కంఠతా వచ్చు."

నాకూ వచ్చు. మంచి వాక్యం అది. అలాంటి వాక్యం నా మీదికే వస్తుందని రాసేటప్పుడు అనుకోలేదు. కార్ల పార్కింగ్ కళ్లముందు కనబడింది, తిన్నని గీతలతో.

లోథార్ చుట్టూ చూశాడు. గడ్డి మీద ఆగాడు. అక్కడంతా డాండెలైన్, పసుపు పూల కలుపు. నేను పీకని కలుపు. "ఇదేంటి మరి?"

"కలుపు" అంది ఇర్మా.

"మా అమ్మ దీని ఆకులు కోసి, ఉడికించిన బంగాళాదుంపలు, వేయించిన పంది మాంసం ముక్కలు కలిపి పెట్టేది. వసంతం వస్తే వారానికి మూడుసార్లు తినేవాళ్లం. వీడు కూడా మా ఇంట్లో తిన్నాడు. ఏరా, తిన్నావా లేదా?"

"తిన్నాను" అన్నాను.

ఇర్మా ఆలోచించింది. "నిబంధనలో 'తినే పంట' అని ఉంది. తినేదైతే పంట. తిననిదైతే కలుపు. ఎవరు తింటారో చూపించండి."

ఇద్దరూ నా వైపు చూశారు.

టేపుతో ఒక చదరపు మీటరు కొలిచి నాలుగు మూలలా పుల్లలు గుచ్చింది. నేను టై భుజం మీదికి తోసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒక చదరపు మీటరు డాండెలైన్ ఎంత ఉంటుందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. భావితరాల కోసం రాస్తున్నాను: పదకొండు పిడికిళ్లు. ఆరో పిడికిలి దగ్గర కళ్లలో నీళ్లు తిరిగాయి. లోథార్ పక్కన కూలబడి, "అధ్యక్షుడు కూడా రుచి చూడాలని నియమం" అన్నాడు. అలాంటి నియమం లేదు. నాకు నియమావళి కంఠస్థం. నాలుగు పిడికిళ్లు తిన్నాడు, ఆవులా.

"రుచెలా ఉంది?" అడిగింది ఇర్మా.

"చేదు."

"మీకు సరిపోయింది" అని లోథార్ చేతిలోంచి రిజిస్టరు లాక్కుని తనే రాసింది. ఎనభై. గేటు దగ్గర తిరిగి చూసి, "కాండాలు మాత్రం తినకండి, కడుపులో నొప్పొస్తుంది" అంది.

అప్పటికే తిన్నాను.

మే 17, ఆదివారం

రాత్రంతా కడుపునొప్పి.

తోట మిగిలింది. ఇర్మా రిజిస్టరులో రాసింది సంఘం రశీదుగా వచ్చింది: "తోట 31. పంట: టమాటా, బంగాళాదుంప, ఉల్లి, రుబార్బ్, డాండెలైన్." తప్పుల్లేవు. పంట అని నమోదయ్యింది కాబట్టి సెప్టెంబరు తనిఖీ దాకా ఆ చదరపు మీటరు కలుపుని నీళ్లు పోసి పెంచాలి. ఇవాళ పొద్దున పోశాను. చుట్టూ ఉన్న కలుపు పీకాను, దానికి ఇబ్బంది కలగకుండా.

నిన్న ఫలితం వేరేలా వస్తే చదవాలని ఒక వీడ్కోలు ప్రసంగం రాసుకున్నాను. కోటు జేబులోనే ఉంది. పద్నాలుగు పేజీలు. నలభై ఏళ్లలో ఈ కాలనీలో ఎవడు నాకేం చేశాడో తేదీల వారీగా, ఒక్క అచ్చుతప్పు లేకుండా. నా జీవితంలో ఇంత బాగా ఇంకేదీ రాయలేదు. ఇప్పుడు తోట ఖాళీ చెయ్యడం లేదు కాబట్టి దాన్ని చదవడానికి వీల్లేదు. ఉండిపోయేవాడు వీడ్కోలు చెప్పలేడు.

గేటు దగ్గర కేక వినబడింది. ఉడికించిన బంగాళాదుంపలు, మాంసం ముక్కలు తెచ్చాడట, పంట ఎలా ఉందో అధ్యక్షుడి హోదాలో చూడాలట. ప్రతి ఆదివారమూ చూడాలట. సెప్టెంబరు మధ్య దాకా పద్దెనిమిది ఆదివారాలు. రెండుసార్లు లెక్కపెట్టాను. అతను కూర్చోవడానికి షెడ్డులో విజ్ఞాన సర్వస్వం దొంతర దించి, స్టూలు తుడిచి పెట్టాల్సి వచ్చింది.

కడుపు ఇలా మెలిపెడుతున్నందుకూ, పద్నాలుగు పేజీలు దండగ అయినందుకూ, ఈ వయసులో నాచేత కలుపుకి నీళ్లు పోయిస్తున్నందుకూ కారణం ఒక్కడే. ఎవరేమన్నా, కాగితం ఎవరు ఎంతసేపు పట్టుకుని కూర్చున్నా, నేను మాత్రం ఇప్పటికీ అతన్నే అంటాను.

లోథార్ బెమ్మన్.